చిన్న పికప్ కొంటున్నారా? షోరూమ్‌కి వెళ్లే ముందు మీ లోడ్ కాటా వేయించండి

నేను మామూలుగా రాసేది ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించి. ఈసారి మాత్రం గ్యాడ్జెట్ కాస్త పెద్దది. తెనాలిలో వాటర్ ప్లాంట్ నడిపే మా బావమరిది ఓ రోజు ఫోన్ చేసి, "బావా, ఫోన్లన్నీ చూసి ఏది మంచిదో చెప్తావు కదా, నాకు ఒక బండి కూడా చూసి పెట్టు" అన్నాడు. నవ్వుతూనే అడిగాడు కానీ పరిస్థితి నవ్వేలా లేదు. అతని పాత సెకండ్ హ్యాండ్ బండి నడి వేసవిలో తొమ్మిది రోజులు షెడ్డులో పడి ఉంది. క్యాన్ రాకపోతే జనం రెండు రోజులు ఆగరు, ఇంకో ప్లాంటుకి ఫోన్ చేస్తారు. ముప్పై ఇళ్లు, రెండు ఫంక్షన్ హాళ్లు అలాగే పోయాయి.

అప్పటి నుంచి రెండు నెలలు ఈ చిన్న పికప్‌ల మీద కూర్చున్నాను. నాకు అర్థమైంది ఒక్క ముక్కలో చెప్పాలంటే: రోజూ పని చేసే బండికి నమ్మకం అనేది బ్రాండ్‌లో సగమే ఉంటుంది. మిగతా సగం మీరు వేసే లోడుకీ బండి మోయగలిగే లోడుకీ మధ్య ఉన్న తేడాలో ఉంటుంది.

ముందు కాటా, తర్వాతే షోరూమ్

పాత బండి ఎందుకు ఆగిందంటే కమాన్ కట్టలు విరిగాయి. అందరూ "ఆ బండే అంత" అన్నారు. రిపేరయ్యాక, మామూలుగా వేసే లోడ్ వేసి కాటా మీదికి ఎక్కించమన్నాను. వచ్చిన మొత్తం బరువులోంచి ఆర్సీలో ఉన్న అన్‌లాడెన్ వెయిట్ తీసేస్తే 990 కిలోలు తేలింది. ఆ బండి మోయాల్సింది 700 కిలోల లోపే! అంటే తప్పు బండిది కాదు, మాదే.

990 ఎలా అయిందో చూడండి. 20 లీటర్ల నీళ్లంటే 20 కిలోలు. ఖాళీ క్యాన్ ముప్పావు కిలో. 40 క్యాన్లకు 830 కిలోలు. క్యాన్లు దొర్లకుండా చేయించిన ఇనుప ర్యాక్ ఇంకో 100. హెల్పర్ 60. మా వాడు లెక్కపెట్టింది నీళ్లు మాత్రమే. ర్యాకునీ హెల్పర్‌నీ ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

మీది కూరగాయలైనా, సిమెంటైనా, గ్యాస్ సిలిండర్లైనా ఇదే పద్ధతి. సిమెంటు బస్తా 50 కిలోలు. నిండు గృహ సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలే, కానీ ఇనుముతో కలిపి సుమారు 30 కిలోలు ఉంటుంది. అంచనాలు వద్దు. కాటాకి అయ్యే ఖర్చు ఒక చిన్న రీచార్జ్ అంత కూడా ఉండదు.

పేలోడ్ అంకెను ఎలా చదవాలి

ఫోన్ బాక్స్ మీద 128 జీబీ అని ఉంటే మొత్తం మన చేతికి రాదు కదా, పేలోడ్ కూడా అంతే. ర్యాక్, పైన టాప్, టార్పాలిన్ ఫ్రేమ్, హెల్పర్ అన్నీ అందులోంచే పోతాయి. మా వాడి 160 కిలోలు తీసేసి, క్యాన్లలో లెక్క వేస్తే ఇలా వచ్చింది:

- టాటా ఏస్ ఈవీ, 600 కిలోలు: 21 క్యాన్లు
- మారుతి సూపర్ క్యారీ సీఎన్‌జీ, 625 కిలోలు: 22 క్యాన్లు
- మారుతి సూపర్ క్యారీ పెట్రోల్, 740 కిలోలు: 27 క్యాన్లు
- టాటా ఏస్ ప్రో, 750 కిలోలు: 28 క్యాన్లు
- టాటా ఇంట్రా వీ20, 1,000 కిలోలు: 40 క్యాన్లు
- అశోక్ లేలాండ్ దోస్త్, 1,250 కిలోలు: 52 క్యాన్లు
- టాటా ఇంట్రా వీ30, మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్ 1.3 టన్నుల రకం: 54 క్యాన్లు

ఒకే సూపర్ క్యారీలో సీఎన్‌జీ తీసుకుంటే 115 కిలోలు తగ్గుతుంది. సిలిండర్ల బరువు అలా పడుతుంది మరి. 'సీఎన్‌జీ చవక' అనే ముందు ఈ అంకె చూసుకోవాలి.

చూడగానే వీ20 సరిగ్గా సరిపోయినట్టుంది, 40కి 40. నేను అక్కడే ఆగమన్నాను. రోజూ వంద శాతం లోడుతో తిరిగే బండి, రోజూ వంద శాతం బ్రైట్‌నెస్‌లో వాడే ఫోన్ లాంటిది. పని చేస్తుంది, కానీ క్లచ్, బ్రేకులు, టైర్లు, కమాన్ కట్టలు అన్నీ తొందరగా అరుగుతాయి. నా లెక్క ఏంటంటే, రోజువారీ లోడు పేలోడ్‌లో మూడొంతులు దాటకూడదు. 990 కిలోలకి 1,300 కిలోల బండి అంటే 76 శాతం. పండగ రోజు పది క్యాన్లు ఎక్కువైనా బండి హద్దులోనే ఉంటుంది.

ఓవర్‌లోడ్‌తో పోయేది స్ప్రింగులు ఒక్కటే కాదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్‌లో జరిమానా రూ.20,000, పైన అదనపు ప్రతి టన్నుకీ రూ.2,000. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర తలనొప్పి వేరే.

ఏ ఇంధనం? మీ రూటే చెప్పాలి

మా వాడు రోజుకి మూడు ట్రిప్పులు, 45 కిలోమీటర్లు తిరుగుతాడు. 26 రోజులకి 1,170 కి.మీ. లోడుతో వచ్చే మైలేజీని కాస్త తగ్గించే అనుకున్నాను. డీజిల్ 15, పెట్రోల్ 14, సీఎన్‌జీ కిలోకి 17. ధరలు వరసగా 97, 109, 90 వేసుకుంటే నెలకి డీజిల్ రూ.7,500, పెట్రోల్ రూ.9,100, సీఎన్‌జీ రూ.6,200 దాకా అవుతాయి. ఈవీకి యూనిట్ రూ.10 పడినా రూ.2,750 దగ్గర ఆగుతుంది. మీ ఊళ్లో రేట్లు పెట్టి మీరూ లెక్క వేసుకోండి.

ఇప్పుడు ఇంకో లెక్క. రోజుకి 120 క్యాన్లు, క్యాన్ రూ.20. బండి ఒక్క రోజు ఆగితే రూ.2,400 చేతికి రాదు. అంటే ఒక నెల మొత్తంలో పెట్రోల్‌కీ డీజిల్‌కీ ఉన్న తేడా కంటే ఒక్క రోజు ఆగడమే ఖరీదు. అందుకే మైలేజీ గొడవని నేను రెండో స్థానంలో పెట్టాను.

డీజిల్: బరువుకి, దూరానికి బాగుంటుంది. కానీ బీఎస్6 డీజిల్ బళ్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసిని అప్పుడప్పుడు అదే కాల్చుకోవాలి. దానికి బాగా వేడి కావాలి, అంటే కొంతసేపు ఆగకుండా నడవాలి. రెండేసి కిలోమీటర్లు వెళ్లి ఆపేసే రూటైతే ఫిల్టర్ నిండిపోయి డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. దాన్ని పట్టించుకోకుండా తిప్పితే బండి పవర్ తగ్గించేస్తుంది, చివరికి షెడ్డుకే. వారానికి ఒకసారైనా మెయిన్ రోడ్డు మీద అరగంట పరుగు లేని వాళ్లకి డీజిల్ వద్దనే చెప్తాను.

పెట్రోల్, సీఎన్‌జీ: ఊళ్లోనే ఆగి ఆగి తిరిగే పనికి ఇవే మేలు. సూపర్ క్యారీలో నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ ఇంజిన్ కాబట్టి చప్పుడు, వణుకు తక్కువ. సీఎన్‌జీ అయితే బంకు మీ దారిలోనే ఉందా, ఉదయం పూట క్యూ ఎంత ఉంటుందో స్వయంగా వెళ్లి చూడండి. సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ తప్పనిసరి.

ఈవీ: 2022లో వచ్చిన ఏస్ ఈవీలో 21.3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉంది, సర్టిఫైడ్ రేంజ్ 154 కి.మీ. ఫోన్ బ్యాటరీ లైఫ్ లాగే దీన్నీ కాస్త తగ్గించుకునే చదవాలి. అయినా 45 కిలోమీటర్ల రూటుకి ధారాళంగా సరిపోతుంది. టన్ను మోసే ఏస్ ఈవీ 1000 కూడా ఉంది. నిజం చెప్పాలంటే రూట్ వరకు చూస్తే మా వాడికి ఇదే సరైనది. ఆగింది రెండు చోట్ల. 990కి 1,000 అంటే మార్జిన్ లేదు. పైగా తనకి దగ్గర్లో ఈవీ చూసే మెకానిక్ దొరకలేదు. మీ లోడు 700 లోపు ఉండి, రాత్రి బండి పెట్టే చోట ఛార్జింగ్ ఉండి, సర్వీసు ఊళ్లోనే ఉంటే ఈవీని ముందు చూడండి.

యూట్యూబ్ రివ్యూ కంటే మార్కెట్ యార్డు మేలు

ఫోన్‌ని నేను రెండు వారాలు వాడి రివ్యూ రాస్తాను. బండికి అది కుదరదు. రెండు, మూడేళ్లు వాడిన వాళ్లనే అడగాలి. మేమిద్దరం ఓ ఉదయం కూరగాయల మార్కెట్ దగ్గర నిలబడి, కనపడిన ప్రతి డ్రైవర్‌నీ మూడే ప్రశ్నలు అడిగాం. పోయిన ఏడాది బండి ఎన్ని రోజులు ఆగింది? ఏ పార్టు పోయింది? ఆ పార్టు రావడానికి ఎన్నాళ్లు పట్టింది?

"బండి బాగుందా అన్నా?" అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. "ఎన్ని రోజులు ఆగింది?" అంటే మాత్రం అసలు కథ బయటికొస్తుంది. మాకు తేలింది ఏంటంటే, ఎక్కువ రోజులు పోయింది రిపేరుకి కాదు, పార్టు కోసం ఎదురు చూడటానికి. అందుకని అక్కడి నుంచి నేరుగా స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లాం. క్లచ్ ప్లేట్, బ్రేక్ షూలు, ఫిల్టర్లు, కమాన్ కట్ట. మేం అనుకున్న మోడళ్లకి ఇవి షెల్ఫులో ఉన్నాయా, ఆర్డర్ పెట్టాలా అని అడిగాం. లిస్టులో ఉన్న ఒక బండి అక్కడే తీసేశాం.

టైర్లు కూడా చూడండి. ఏస్ లాంటి చిన్న బళ్లకి 12 అంగుళాల టైర్లు, బొలెరో మ్యాక్స్‌కి 15 అంగుళాలవి. చిన్నవి చవక, సందుల్లో సుఖం. గుంతల రోడ్డు, పొలం గట్టు అయితే పెద్ద టైరే దిక్కు.

టెస్ట్ డ్రైవ్ ఖాళీ బండితో చేస్తే లాభం లేదు. లోడ్ ట్రయల్ అడగండి. ఎక్కుడు మీద ఆపి మళ్లీ కదిలించండి, మీ రూటులో అన్నిటికంటే ఇరుకు సందులో తిప్పి చూడండి.

కాగితాల దగ్గర గుర్తుంచుకోవాల్సినవి

- మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. పేలోడ్ కాదు, బండితో కలిపిన మొత్తం బరువు చూడాలి.
- ఎల్ఎంవీ లైసెన్సు ఉంటే 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్‌లో తేల్చింది. లైసెన్సు మాత్రం చెల్లుబాటులో ఉండాలి.
- ఫిట్‌నెస్ ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా.
- 2025 సెప్టెంబర్ 22 నుంచి గూడ్స్ బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత కొటేషన్ పట్టుకుని బేరం ఆడకండి.
- సెకండ్ హ్యాండ్ అయితే ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ బాకీ చూడండి. తర్వాత బండి కిందికి దూరి ఛాసిస్ మీద వెల్డింగు అతుకులు, వెనక కమాన్ కట్టల్లో అదనంగా వేయించిన పట్టీలు వెతకండి. అవి ఉంటే ఆ బండి జీవితమంతా ఓవర్‌లోడే మోసిందని అర్థం.

మన సైట్‌లో చదివేవాళ్లకి కనెక్టెడ్ ఫీచర్ల మీద ఆసక్తి ఉంటుందని తెలుసు. టాటాలో ఫ్లీట్ ఎడ్జ్, మహీంద్రాలో ఐమ్యాక్స్, లేలాండ్‌లో ఐ-అలర్ట్ ఉన్నాయి. బండి ఎక్కడుందో ఫోన్‌లో కనపడుతుంది. డ్రైవర్‌ని పెట్టుకుంటే పనికొస్తాయి. మీరే నడుపుకుంటే వాటి కోసం పై వేరియంట్‌కి వెళ్లొద్దు. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకోండి.

చివరికి ఏం తీసుకున్నాం?

1.3 టన్నుల డీజిల్. డీపీఎఫ్ భయం ఉన్నా ధైర్యం చేయడానికి కారణం ఉంది. ప్రతి ఆదివారం మూతలు, కొత్త క్యాన్ల కోసం మా వాడు గుంటూరు వెళ్లొస్తాడు. ఆ పరుగు ఫిల్టర్‌కి సరిపోతుంది. రెండు కంపెనీల బళ్లు చివరి దాకా పోటీ పడ్డాయి. వాటిలో స్పేర్లు షెల్ఫులో ఉన్నది, వర్క్‌షాప్ మూడు కిలోమీటర్ల లోపు ఉన్నది తీసుకున్నాం. దాని మైలేజీ రెండోదాని కంటే కాస్త తక్కువే. తెలిసే తీసుకున్నాం.

ఆరు నెలలైంది. బండి ఆగింది ఒక్క పూట, అదీ సర్వీసుకి. పోయిన ముప్పై ఇళ్లలో పంతొమ్మిది తిరిగొచ్చాయి. మొన్న ఫోన్ చేసి, "బావా, మన మార్జిన్‌లో ఇంకా చోటుంది కదా, యాభై క్యాన్లు వేయనా?" అని అడిగాడు. వేసేముందు ఏం చెయ్యాలో నేను చెప్పక్కర్లేకుండా తనే అన్నాడు: "సరేలే, కాటా వేయించి చెప్తా."