అత్తగారి రేడియో పెట్టె

మన యిండ్లలో అటకమీద నుండు వస్తువులు రెండు తెగలు. పనికిరావని యెఱిగియు పాఱవేయుటకు మనసొప్పక దాచినవి కొన్ని. ఏనాటికైన పనికివచ్చునని దాచి మఱచిపోయినవి కొన్ని. మా యింటి అటకపై నుండిన ప్రాత రేడియో ఈ రెండు తెగలకును చెందియుండెను. ఇప్పుడది క్రిందికి దిగి, మా అమ్మాయి చదువుకొను బల్లపై కంప్యూటరై కూర్చున్నది. అది యెట్లు జరిగినదో, అందు మేము చేసిన పొరపాటేమో, ఇట్టి పనికి పూనుకొనువారు దేనికి జంకవలయునో, దేనికి జంకనక్కఱ లేదో తెలుపుటకే ఈ వ్రాత.

ఆ రేడియో మా అత్తగారిది. 1972వ సంవత్సరమున ఆమె పెండ్లినాడు పుట్టింటివారు పెట్టినది. మెఱుగుపెట్టిన చెక్కపెట్టె, వెడల్పు 22 అంగుళములు, ఎత్తు 14, లోతు 10. ముందుభాగమున సగము పసిమిరంగు గుడ్డ, సగము గాజుపలక. ఆ గాజుపై దేశదేశముల పట్టణముల పేర్లు. క్రింద నాలుగు మీటలు. లోపల నుండినవి ట్రాన్సిస్టరులు గావు, గాజు వాల్వులు. మీట త్రిప్పిన పిమ్మట అవి వేడెక్కి గొంతు విప్పుటకు ఇంచుక సేపు పట్టెడిదట. విజయవాడ కేంద్రపు భక్తిరంజనితో ఆమెకు తెల్లవాఱెడిది. సిలోను పాటలతో ప్రొద్దుగ్రుంకెడిది. మేము కాపురమునకు వచ్చునప్పటికే అది మూగవోయినది. వాల్వులు దొరకవని బాగుచేయువారు చేతులెత్తిరి. నాటినుండి అటకయే దాని నివాసము.

మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. అమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుచున్నది. చదువుకై దానికి కంప్యూటరు కావలసివచ్చినది. మావారి మిత్రులొకరు తమ కార్యాలయమున మార్చివేసిన కంప్యూటరు లోపలి సామగ్రిని, అనగా మదర్‌బోర్డు, ప్రాసెసరు, మెమరీ మున్నగువానిని స్వల్పమైన వెలకు ఇచ్చిరి. పెట్టె మాత్రము లేదు. బజారున క్రొత్త పెట్టె రెండు మూడు వేల రూపాయలకు దొరకును. కొనవలెననియే అనుకొంటిమి. ఇంతలో అటక సర్దుచుండగా రేడియోను చూచి అమ్మాయి, "అమ్మా, ఇందులో పట్టదా?" అని యడిగినది.

పట్టును. కంప్యూటరుకు పెట్టె ప్రాణము కాదు, ఉడుపు మాత్రమే. 1976లో ఆపిల్ సంస్థవారు తమ మొదటి కంప్యూటరును అమ్మినప్పుడు పెట్టె లేకుండ వట్టి ఫలకముగనే అమ్మిరి. దానికి చెక్కపెట్టెలు చేయించినవారును గలరు. పెట్టె చేయవలసిన పనులు నాలుగు: ఫలకమును కదలకుండ పట్టియుంచుట, గాలి యాడనిచ్చుట, దుమ్మును చేతివ్రేళ్ళను దూరముగ నుంచుట, తీగలకును మీటలకును దారి యిచ్చుట. ఈ నాలుగును చేయగలది యేదైనను పెట్టెయే. ఫలకముల కొలతలును స్థిరమైనవే. తైవాను దేశపు వయా సంస్థ 2001లో వెలువరించిన మినీ ఐటీఎక్స్ అను కొలత ప్రకారము ఫలకము నిడివి 17 సెంటీమీటర్లు, వెడల్పు 17 సెంటీమీటర్లు. అనగా ఏడంగుళములకు లోపే. మైక్రో ఏటీఎక్స్ అనునది పెద్దది, దానికి 24.4 సెంటీమీటర్ల చోటు కావలయును. మాకు దొరకినది చిన్నదగుటచే పది అంగుళముల లోతు గల పెట్టెలో సుఖముగ నిమిడినది.

అయినను పట్టుట వేఱు, పెట్టుట వేఱు. ఆ పెట్టె అత్తగారి స్త్రీధనము. పుట్టింటివారు ప్రీతితో నిచ్చినదానిని ఆమె యిష్టము లేక ఇతరులు తీసికొనరాదని మన పెద్దలు చెప్పిరి. స్త్రీ ఆస్తికి ఆమెయే పూర్తి హక్కుదారని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమును చెప్పుచున్నది. మూగదైన వస్తువే కదా యని మేము అడుగకయే చేయి వేసియుందుమేమో! మావారు వారించి, ముందు అమ్మను అడుగుమనిరి. అడిగితిమి. అత్తగారు ఆనాడు బదులు చెప్పలేదు. మఱునాడు వంటయింట కూరలు తఱుగుచు, తల యెత్తకయే, "చెక్కకు ఒక్క కొత్త చిల్లు పడకూడదమ్మా. తీసింది మళ్ళీ పెట్టేట్టయితేనే తియ్యండి" అనిరి.

పరకాయప్రవేశము చేయు మహనీయులు తమ పూర్వదేహమును శిష్యులచేత కాపాడించుకొందురని కథలలో చదివియున్నాము. అత్తగారి షరతును అట్టిదే. ప్రాణము మాఱవచ్చును, దేహమునకు గాయము తగులరాదు, పూర్వప్రాణము తిరిగివచ్చినచో దానికి చోటుండవలయును. ఆ షరతు మొదట మాకు సంకెల వలె తోచినది. పిమ్మట పని యంతయు దాని వలననే చక్కబడినది.

మొదటి పని లోపలి సామగ్రిని తీయుట. ఇది మేము చేయలేదు. వాల్వు రేడియోలలోని కెపాసిటరులు తీగ ఊడబెఱికిన పిమ్మటను వందల వోల్టుల విద్యుత్తును పట్టి యుంచుకొనగలవు. దానిని దించుట తెలిసినవారి పని. అందుచే రేడియోలు బాగుచేయు ఒక వృద్ధుని పిలిపించితిమి. వాల్వులతో కూడిన ఇనుపచట్రము నాలుగు బోల్టులతో పెట్టె అడుగునకు బిగింపబడియున్నది. ఆయన వానిని విప్పి, చట్రమును మొత్తముగ వెలికి తీసిరి. ఒక్క తీగ కత్తిరింపలేదు. దానిని, లౌడుస్పీకరును, బోల్టులను గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో నుంచితిమి.

ఆ నాలుగు చిల్లులే మాకును చాలినవి. చట్రము కొలతకు 12 మిల్లీమీటర్ల మందము గల ప్లైవుడ్డు పలకను వడ్రంగిచేత కోయించి, అవే చిల్లులలో క్రొత్త బోల్టులు వేసి బిగించితిమి. మేకులు, మరలు ఏమి కొట్టవలసినను ఆ పలకకే. మదర్‌బోర్డును పలకపై నేరుగా ఆనింపరాదు. దాని అడుగున టంకము బొట్టులు ముండ్లవలె నుండును. వానికి లోహము తగిలినచో విద్యుత్తు దారి తప్పి ఫలకము చెడును. కావున నాలుగు మూలలకు నాలుగు పొట్టి ఇత్తడి స్తంభములు నిలిపి, వానిపై ఫలకమును బిగింపవలయును. క్రింద గాలియు నాడును.

ఒక చిన్న మాట. నైలాను చీరలు, పట్టుచీరలు కట్టుకొని ఈ పనికి కూర్చుండరాదు. వాని రాపిడి వలన పుట్టు విద్యుత్తు మనకు చుఱుక్కుమని తగిలి పోవును గాని, సున్నితమైన ఫలకమును చెఱుపగలదు. నూలుచీర కట్టుకొని, ఫలకమును ముట్టుటకు ముందు ఎర్తు గల లోహవస్తువు నొకదానిని ముట్టవలయును. ఫలకమును అంచులనే పట్టుకొనవలయును.

విద్యుత్తు విషయమున మేము జాగ్రత్త వహించితిమి. మా ఫలకము 19 వోల్టుల అడాప్టరుతో నడచు రకము. అడాప్టరు బయటనే యుండును. ఇంటి 230 వోల్టుల విద్యుత్తు చెక్కపెట్టెలోనికి రానేరాదు. క్రొత్తగా మొదలిడు సోదరీమణులకు ఈ రకమే మేలని మా మనవి. లోపల ఇనుప డబ్బాతో నుండు పవర్ సప్లయి పెట్టవలసినచో, ఆ డబ్బాను ఎన్నడును విప్పరాదు. ఎర్తు గల మూడు పుల్లల ప్లగ్గుననే తగిలింపవలయును.

ఇక మీటలు. కంప్యూటరును మేల్కొలుపుటకు ఫలకముపై రెండు సన్నని పిన్నులుండును. వానిని ఒక్క క్షణము కలిపి విడిచినచో చాలును. ఎడమవైపు మీట వెనుక నొక్కుడు స్విచ్చు నొకటి అమర్చి, దాని తీగలను ఆ పిన్నులకు తగిలించితిమి. మఱి రెండు పిన్నులకు చిన్న ఎల్‌ఈడీ దీపమును కలిపి గాజుపలక వెనుక నిలిపితిమి. మీట నొక్కగనే ఊళ్ళ పేర్ల వెనుక పలుచని వెలుగు వచ్చినప్పుడు అత్తగారు పూజ మధ్యలో నుండి లేచి వచ్చి చూచిరి.

ఇంతవఱకును శుభము. మూడవ దినమున పొరపాటు బయటపడినది. అమ్మాయి గంటన్నర కూర్చుండి విజ్ఞానశాస్త్రపు నివేదిక వ్రాయుచుండగా కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోయినది. భద్రపఱుపని వ్రాత యంతయు పోయినది. అమ్మాయి కంట నీరు పెట్టుకొని, చెక్కపెట్టె వద్దు, ఇనుపపెట్టె కొనుమన్నది. మావారికిని అట్లే తోచినది. ప్రాసెసరు వేడి 100 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమునకు చేరినచో మొదట మందగించును, పిదప తన్ను తాను రక్షించుకొనుటకై ఆగిపోవును. ఇది ఫలకము తప్పు కాదు, గాలి లేని తప్పు.

పెట్టె వెనుక చేయి పెట్టి చూచితిమి. చేతికి గుడ్డ తగిలినది. వెనుకటి దినములలో ఆ రేడియోపై పఱచిన కుట్టుపని గుడ్డను అత్తగారు ట్రంకునుండి తీసి, ఉదికి, తిరిగి కప్పియుండిరి. దాని అంచు వెనుకకు వ్రేలాడి, చిల్లుల అట్టను పూర్తిగ మూసినది. దానికి తోడు మేము పెట్టెను గోడకు ఆనించితిమి. సంగతి తెలిసి ఆమె నొచ్చుకొనిరి. "రేడియో పాడేటప్పుడు గుడ్డ తీసేసేవాళ్ళం. వాల్వులు వేడెక్కుతాయని మీ మామగారు చెప్పేవారు. ఇది పాడటం లేదు కదా, ఆపే ఉందనుకున్నానమ్మా" అనిరి.

ఆ మాట మాకు కనువిప్పైనది. వాల్వులు ఎంత వేడి పుట్టించునో యెఱిగియే, రేడియో చేసినవారు వెనుక అట్టకు అన్ని చిల్లులు పెట్టిరి. మాకు కావలసినదంతయు ఆ పెట్టెలో ముందే యున్నది. మేమే దానిని మూసితిమి. ఇనుపరేకు వేడిని కొంత బయటకు విడుచును, చెక్క విడువదు. కావున చెక్కపెట్టెలో గాలి నడక తప్పనిసరి. లౌడుస్పీకరు తీసిన గుండ్రని నోటి వెనుక, పలకపై నిలబెట్టి, 12 సెంటీమీటర్ల ఫ్యాను నొకటి అమర్చితిమి. దుమ్ము పట్టిన ముందరి గుడ్డను మెల్లగా విడదీసి, మడిచి దాచి, దానికి మాఱుగ పలుచని జాలిగుడ్డను కట్టితిమి. ఇప్పుడు చల్లని గాలి ముందునుండి వచ్చి, వేడిగాలి వెనుక చిల్లులగుండ పోవును. పెట్టెకును గోడకును నడుమ జానెడు ఎడముంచితిమి. వేడిని చూపు సాఫ్ట్‌వేరుతో గంటసేపు పరీక్షింపగా 65 డిగ్రీలు దాటలేదు.

ఇది చదివి ప్రతి ప్రాతవస్తువును విప్పబోవలదని మా ప్రార్థన. మైక్రోవేవ్ ఓవెనును ఎన్నడును విప్పరాదు; దాని కెపాసిటరులో సుమారు రెండువేల వోల్టులుండును, అవి ప్రాణాంతకములు. ప్రాత టెలివిజను లోని పిక్చరు ట్యూబు గాలి తీసిన గాజుబుడ్డి. పగిలినచో పెంకులు చిమ్మును, దాని గాజులో సీసమును గలదు. రంగుల టెలివిజను ట్యూబునకు ఇరువదివేల వోల్టులకు పైగా అందును. ఫ్రిజ్‌లో బంధించిన వాయువును మన చేతులతో విడువరాదు. కుట్టుమిషను చెక్కమూత, ప్రాత ట్రంకు పెట్టె, సూటుకేసు వంటివి నిరపాయములు, వానితో మొదలిడవచ్చును. మిగిలిన విద్యుత్ పరికరముల తుక్కును పాతసామానులవానికి వేయక, అధికారికముగ నమోదైన రీసైక్లింగు వారికే యీయవలయును. 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులో నున్న ఇ-వ్యర్థముల నియమములును అదే చెప్పుచున్నవి.

మఱొక మాట. బాగుపడగల రేడియోను ఈ పనికై విప్పుట పాపమని మా తలంపు. ముందు బాగుచేయువారికి చూపవలయును. పాడగలిగినదానిని పాడనిండు. ఇందు మిగులు ధనమును స్వల్పమే; ఒక పెట్టె వెల మాత్రము. పలకకు, ఫ్యానుకు అందులో కొంత పోనే పోయినది. ధనము మిగుల్చుకొనుటకే యైనచో బజారు పెట్టెయే సుఖము. మాకు మిగిలినది వేఱు. అటకమీద దుమ్ములో నుండిన అత్తగారి పెండ్లి కానుక నలుగురి నడుమకు వచ్చినది. ఆమె యనుమతితో, ఆమె షరతుపై వచ్చినది గనుక, అది నేటికిని ఆమెదే. అమ్మాయి దానిని "నాయనమ్మ కంప్యూటరు" అనియే పిలుచుచున్నది. ఆకాశవాణి ఇప్పుడు అంతర్జాలమునను వినవచ్చును గావున, తెల్లవాఱుజామున మీట నొక్కు హక్కు నాయనమ్మదే.

కుట్టుపని గుడ్డ సంగతి చెప్పి ముగింతుము. అత్తగారు దానిని బీరువాలో పెట్టలేదు. వెనుక వ్రేలాడు జానెడు భాగమును కత్తిరించి, అంచు తిరిగి కుట్టి, పైభాగము మాత్రము కప్పునట్లు చేసిరి. కత్తిరించిన ముక్క యిప్పుడు కీబోర్డుపై దుమ్ము పడకుండ కప్పియున్నది.