కాంచన ద్వీపం: ఆ బంగారం ఎవరిది?

సాహస నవలలంటే మన అభ్యుదయ విమర్శకులకు మొదటినుంచీ కొంత చిన్నచూపే. అవి పలాయనవాద సాహిత్యమనీ, వలస పాలకుల భావజాలాన్ని పసితనంలోనే నూరిపోసే సాధనాలనీ మనం వాటిని ఒక మూలకు నెట్టేశాం. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. అయితే మనం పక్కన పెట్టినంత మాత్రాన పిల్లలు వాటిని పక్కన పెట్టలేదు. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ నవల 'ట్రెజర్ ఐలండ్' 1883లో పుస్తకంగా వచ్చింది. నూట నలభై ఏళ్లు దాటినా నిలిచే ఉంది. నండూరి రామమోహనరావు గారి 'కాంచన ద్వీపం' అనువాదంతో అది తెలుగు పిల్లలకూ సొంతమయింది. ఒక రచన ఇంతకాలం ఎందుకు నిలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకకుండా భావజాలాన్ని మాత్రమే ఖండిస్తే అది సగం విమర్శే అవుతుంది.

నాకు ఈ ప్రశ్న పుస్తకాల మధ్య ఎదురుకాలేదు. పలాసకు తూర్పున, ఉద్దానం తీరంలోని ఒక పల్లెలో సెలవుల్లో పిల్లలకు ఈ నవలను సాయంత్రాలు చదివి వినిపించినప్పుడు ఎదురయింది. వారిలో సగం మంది వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలు. తక్కినవారి తల్లిదండ్రులు జీడితోటల్లోనో, కొబ్బరితోటల్లోనో పనిచేసేవారు. సముద్రం వారికి వింత కాదు. ఓడలూ, కెరటాలూ, గాలివానా వారిని అబ్బురపరచలేదు. నేను ఎంతో ఇష్టంగా చదివిన సముద్ర వర్ణనలకు కొందరు ఆవులించారు కూడా. వారు ఊపిరి బిగబట్టి విన్నది యాపిల్ పీపా ఘట్టాన్ని.

ఆ ఘట్టం తెలిసినదే. జిమ్ హాకిన్స్ అనే కుర్రవాడు పండు కోసం, దాదాపు ఖాళీ అయిన పీపాలోకి దిగుతాడు. ఓడ వంటవాడు లాంగ్ జాన్ సిల్వర్ పీపా పక్కనే కూర్చుని మరొక కుర్ర నావికుడితో మాట్లాడుతుంటాడు. తనను అంత ఆప్యాయంగా చూసిన మనిషే తిరుగుబాటుకూ, హత్యలకూ పథకం వేస్తున్నాడని జిమ్‌కు అప్పుడు తెలుస్తుంది. అంతకంటే ఎక్కువగా నొప్పించేది మరొకటుంది. తనను మెచ్చుకుంటూ సిల్వర్ అన్న మాటలే ఇప్పుడు ఆ రెండో కుర్రవాడికీ దక్కుతున్నాయి.

పీపా అంటే ఏమిటో నేను వివరించబోతే ఒక అమ్మాయి అడ్డుపడి, "జీడిపిక్కల బస్తాల ఎనక నక్కినట్టన్నమాట" అంది. షావుకారి కొట్టులో బస్తాల చాటున ఆడుకుంటూ ఆ పిల్ల ఒకసారి పెద్దల మాటలు విన్నదట. తండ్రి ఉన్నంతసేపూ ఒక ధర, ఆయన గడప దాటాక మరో ధర. యాపిల్ పీపాను ఇంతకంటే చక్కగా వ్యాఖ్యానించిన విమర్శకుడిని నేను చూడలేదు.

నవల ఆకర్షణకు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. నిధి ఒక నెపం. పెద్దల మాటకు రెండు ముఖాలుంటాయని పిల్లవాడు మొదటిసారి గ్రహించే క్షణమే అసలు వస్తువు. ఆ క్షణం ప్రతి బాల్యంలోనూ వస్తుంది, బ్రిస్టల్‌లోనైనా, బారువలోనైనా.

రచయిత దృష్టి కూడా నిధి మీద కంటే మనిషి మీదే ఎక్కువగా ఉన్నట్టుంది. 1881లో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో, సవతి కొడుకుకు కాలక్షేపంగా గీసిన ఒక ద్వీపపు పటం నుంచి ఈ కథ పుట్టింది. స్టీవెన్సన్‌ది లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజనీర్ల కుటుంబం. తండ్రి కూడా ఉత్సాహపడి, కథలో ముసలి నావికుడి పెట్టెలో ఏయే సామాన్లుండాలో జాబితా రాసిచ్చాడు. కథకు రచయిత మొదట పెట్టుకున్న పేరు 'ఓడ వంటవాడు'. దాన్ని ధారావాహికగా వేసిన పిల్లల పత్రిక అధిపతి ఆ పేరు కొట్టేసి నిధి పేరు తగిలించాడు. రచయిత మనిషిని చూశాడు, పత్రికాధిపతి బంగారాన్ని చూశాడు. సరుకుకు ఏ పేరు పెడితే అమ్ముడుపోతుందో వ్యాపారికి తెలుసు.

ఆ వంటవాడి పాత్రచిత్రణను మన కథకులు శ్రద్ధగా పరిశీలించాలి. సిల్వర్ తాగి తూలే దొంగ కాదు. దోచినది బ్యాంకులో దాచుకున్న పొదుపరి. బండెక్కి తిరగాలనీ, పార్లమెంటులో కూర్చోవాలనీ ఆశపడతాడు. అతనికి ఎదురుగా ఉన్న భూస్వామి ట్రెలానీ ఆ రెండూ పుట్టుకతోనే అందుబాటులో ఉన్నవాడు. ఇద్దరూ ఒకే బంగారం కోసం ఒకే ఓడ ఎక్కారు. ఒకరి ఆశకు చట్టం అండ ఉంది, మరొకరి ఆశకు ఉరితాడు ఉంది. స్టీవెన్సన్ ఈ వైరుధ్యం మీద ఉపన్యాసం ఇవ్వడు, కళ్లకు కట్టి ఊరుకుంటాడు. అందుకే పిల్లలు సిల్వర్‌ను చూసి భయపడుతూనే అతను తప్పించుకుపోవాలని కోరుకుంటారు. ఉద్దానం పిల్లలూ అలాగే కోరుకున్నారు.

చివరి సాయంత్రం పుస్తకం మూశాక ఒక కుర్రవాడు అడిగాడు: "ఆ బంగారం ముందు ఎవులిది మేస్టారూ?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి మళ్లీ వెతికాను. నవలలో జవాబు లేదు గాని, ఆనవాళ్లున్నాయి. సిల్వర్ చిలుక మలబారు చూసింది, గోవా దగ్గర ఓడ దోపిడీలోనూ ఉంది. ఏడు లక్షల పౌన్ల నిధిని కళ్లారా చూసినప్పుడు, దాని వెనుక ఎంత నెత్తురు, ఎంత దుఃఖం ఉందోనని జిమ్ తలచుకుంటాడు. ఆ తరువాత నాణేలు వేరు చేస్తూ కూర్చుంటాడు. అందులో తూర్పుదేశాల నాణేలు కూడా ఉంటాయి. వాటి మీది అచ్చు అతని కంటికి దారపు పోగుల్లాగా, సాలెగూటి పీలికల్లాగా కనిపిస్తుంది. జిమ్‌కు సాలెగూడుగా కనిపించినది ఎవరో ఒకరి లిపి. ఆ లిపి చదవగలిగినవారు కథలో ఎక్కడా లేరు. నవల పరిమితి సరిగ్గా అక్కడ ఉంది. నెత్తురు గుర్తొచ్చింది గాని, ఆ నెత్తురు చిందించినవారికి పేరు లేకపోయింది.

టెక్కలిలో సాహిత్య మిత్రులతో ఈ సంగతి ముచ్చటించినప్పుడు ఒకరు, "అలాంటప్పుడు ఆ పుస్తకం పిల్లలకు చదవడమెందుకు?" అన్నారు. నేను ఏకీభవించలేను. ఆ ప్రశ్న పిల్లవాడికి తట్టింది ఆ పుస్తకం చదివినందువల్లనే. ఎవరి మాటనూ పైపైన నమ్మవద్దని ఆ నవలే అతనికి నేర్పింది. నేర్చుకున్న పాఠాన్ని అతను నవల మీదే ప్రయోగించాడు. మంచి రచనకు ఇంతకంటే గీటురాయి లేదు.

మిగిలింది మన పని. కళింగపట్నం, బారువ ఒకప్పుడు ఓడలు ఆగిన రేవులు. బతుకుతెరువు కోసం ఈ జిల్లా కూలీలు సముద్రం దాటి రంగూన్ వెళ్లారు. ఈనాడు ఇక్కడ వేట గిట్టక గుజరాత్‌లోని వెరావల్‌కు పోయి పరాయి పడవల మీద వేటాడుతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ అధికారులకు పట్టుబడి 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. 2025లో సినిమా ఆ ఉదంతాన్ని అందుకుని, పడవ నాయకుణ్ణి పిలిచే 'తండేల్' అన్న మాటనే పేరుగా పెట్టుకుంది. ఆ పద్నాలుగు నెలలు తండ్రి కోసం ఎదురుచూసిన పిల్లవాడి కంటితో చెప్పిన నవల మాత్రం నేను చదివినంతలో లేదు.

జిమ్‌ది ఏరికోరి చేసిన సాహసం. మన తీరంలో సాహసం జీతానికి చేసే పని. ఈ తేడా తెలిసిన రచయిత స్టీవెన్సన్ దగ్గర నేర్చుకోవలసింది ద్వీపాన్నీ, నిధినీ కాదు. పీపాలో నక్కిన పిల్లవాడి చెవిని. అలాంటి చెవి ఒకటి జీడిపిక్కల బస్తాల వెనుక ఇప్పటికే ఉంది. అది విన్నదాన్ని రాయడమే తరువాయి.