ఎనిమిది సెల్లుల కచేరీ

ప్లగ్ పాయింటు లేని చోట మైకులో పాట ఎలా మోగుతోందో రాయమన్నారు ఎడిటర్ గారు. గడువు శుక్రవారం సాయంత్రం. జనరేటర్లు, లిథియం పవర్ స్టేషన్లు, వీధి గాయకుల వీడియోలు... చాలానే పోగేశాను. చివరికి నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఒక స్పెసిఫికేషన్ల పట్టిక.

అది రోలాండ్ కంపెనీ ‘క్యూబ్ స్ట్రీట్ ఈఎక్స్’ యాంప్లిఫైయర్‌ది. వీధుల్లో గిటారు పట్టుకుని పాడేవాళ్ల కోసం చేసిన పెట్టె. శక్తి 50 వాట్లు. కరెంటు లేకపోతే 8 ఏఏ సెల్లులు చాలు; గోడ గడియారంలో వేసే సైజువే. ఆల్కలైన్ సెల్లులైతే గరిష్ఠ స్థాయిలో సుమారు 5 గంటలు, ఎకో మోడ్‌లో 20 గంటలు వస్తాయట.

బ్యాటరీ ప్రకటనల్లోని గంటల్ని నేను ఓ పట్టాన నమ్మను. లెక్కేశాను. 50 వాట్ల చొప్పున 5 గంటలంటే 250 వాట్ అవర్లు. ఒక్కో ఆల్కలైన్ సెల్లులో ఉండేది మహా అయితే 3. ఎనిమిదీ కలిపితే 24. పదింతల తేడా! దొరికారనుకున్నాను.

దొరకలేదు. కిటుకు పాటలోనే ఉంది. 50 వాట్లు కావాల్సింది తీగను గట్టిగా మీటినప్పుడు, గొంతు తారస్థాయికి లేచినప్పుడు, అదీ లిప్తపాటు. మాటకీ మాటకీ మధ్య, దరువుకీ దరువుకీ మధ్య పెట్టె దాదాపు ఖాళీగానే ఉంటుంది. సగటున 5 వాట్లు చాలు. యాంప్లిఫైయర్ వాడకం కొలిచేటప్పుడు గరిష్ఠ శక్తిలో ఎనిమిదో వంతు దగ్గర కొలవడం ఈ రంగంలో మామూలే. పాట వాడకం ఇంటి ఖర్చు లాంటిది. పండగనాటి ఖర్చుతో నెల బడ్జెట్ వేయకూడదు.

ఇంకో సంగతి. చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే శక్తి రెట్టింపు చేస్తే సరిపోదు, సుమారు పది రెట్లు పెంచాలి. అంటే వాల్యూమ్ కాస్త తగ్గించిన గాయకుడికి గంటలు కలిసొస్తాయి. అన్నిటికంటే చవకైన బ్యాటరీ ఆ నాబ్ తిప్పే చెయ్యే.

మన ఊళ్లలో ఈ లెక్క ఎప్పుడో తెలుసు. జీపు మీదో, రిక్షా మీదో కారు బ్యాటరీ, యాంప్లిఫైయర్, హారన్ స్పీకరు పెట్టి సినిమాకీ ఎన్నికలకీ ప్రచారం చేశారు. మామూలు స్పీకరు కంటే హారన్ అదే శక్తితో ఎన్నో రెట్లు గట్టిగా మోగుతుంది. కింది స్వరాలు మాత్రం పలకవు. పెళ్లి ఊరేగింపులో బ్యాండ్ వెనక జనరేటర్ బండి నడిచేది ఆ ‘బేస్’ కోసం, దీపాల కోసమే.

చరిత్ర రెండు ముక్కల్లో: 1947లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. 1973లో 6 ఏఏ సెల్లులతో నడిచే 5 వాట్ల ‘పిగ్‌నోస్’ గిటారు యాంప్లిఫైయర్ వచ్చింది. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. శక్తిని వేడిగా వృథా చేయని క్లాస్-డి యాంప్లిఫైయర్లు మిగతా పని పూర్తిచేశాయి.

బాక్స్: విమానం ఎక్కేటప్పుడు
విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల వరకు సాధారణంగా పర్వాలేదు. 100 దాటి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. ఆ పైన కుదరదు.

బాక్స్: జనరేటర్ తప్పనిసరైతే
గదిలో గానీ, మూసిన షామియానాలో గానీ నడపొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

బాక్స్: స్టేడియంలోనూ బ్యాటరీలే
2022లో మొదలైన కోల్డ్‌ప్లే ప్రపంచ యాత్రకు బీఎండబ్ల్యూ ఐ3 కార్ల బ్యాటరీలు వాడారు. ప్రేక్షకులు తొక్కే సైకిళ్లూ వాటికి కరెంటు అందించాయి.

నా తీర్పు ఇది: ఒక గొంతు, ఒక గిటారు, వందమంది శ్రోతలు అయితే జనరేటర్ దండగ, భారీ పవర్ స్టేషన్ ఆడంబరం. డప్పుల్ని మించి బేస్ మోగాలంటే మాత్రం సెల్లులు సరిపోవు. కొనేముందు డబ్బా మీది వాట్లు చూసి మురిసిపోకండి. వాట్ అవర్లు ఎన్నో అడగండి. దుకాణదారు చెప్పలేకపోతే పక్క దుకాణానికి వెళ్లండి.