గండిపేట చుట్టూ ఇళ్లొస్తే...

గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ వదిలిపోరని పెద్దవాళ్లు అంటుంటారు. ఆ నీళ్ల కోసమే 1996లో 111 జీవో వచ్చింది. గండిపేట, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలనీలు, పెద్ద హోటళ్లు, కాలుష్యం చిమ్మే ఫ్యాక్టరీలు వద్దంది. 84 గ్రామాలు దాని కిందికొచ్చాయి. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తేసింది.

ఎత్తేయమని ఏళ్ల తరబడి అడిగింది ఆ ఊళ్లవాళ్లే. పక్క ఊళ్లో గజాల లెక్కన అమ్ముకుంటుంటే, తన పొలానికి ధర పలకక పిల్ల పెళ్లెలా చేయాలా అని కుమిలే తల్లిది అత్యాశ అందామా?

నగరవాసుల భయమూ ఉత్తది కాదు. కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయిగా అంటారు కొందరు. కానీ ఈ రెండూ 1908 మూసీ వరద తర్వాత, ఊరు మళ్లీ మునక్కుండా కట్టినవి. తాగునీరొక్కటే కాదు వీటి పని!

నీటి నాణ్యత చెడకూడదన్న షరతు 69 జీవోలోనే ఉంది. అయితే బ్రోచర్‌లో స్విమ్మింగ్ పూల్ బొమ్మ ఉంటుంది గానీ, మన వంటింటి సింకు నీళ్లు ఎటు పోతాయో ఉండదు. అక్కడ ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే, అడ్వాన్సు ఇవ్వకముందే ఆ సంగతి అడగండి. నోటిమాటతో సరిపెట్టుకోక, ప్లానులో చూపించమనండి.