లోయ లిల్లీ మన నీడలో పూస్తుందా?

ఈ దినము పరమగీతము రెండవ అధ్యాయములోని ఒక పువ్వును గూర్చి, మీ పెరటి నీడను గూర్చి ఆలోచించుదాం.

ఇంగ్లీషు బైబిలులో ‘లిల్లీ’ అని ఉన్నచోట మన తెలుగు బైబిలులో ‘పద్మము’ అని చదువుతాం. హెబ్రీ మూలములోని మాట ‘షోషన్నా’. మన ఇళ్లలో ఆడపిల్లలకు పెట్టుకునే ‘సూసన్న’ అనే పేరు దానినుండి వచ్చినదే. అది ఏ పువ్వో పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

మరి నేడు ‘లిల్లీ ఆఫ్ ది వ్యాలీ’ అని పిలిచే మొక్క ఏది? అది ఇశ్రాయేలు దేశపు మొక్క కాదు, చల్లని ఐరోపా అడవుల మొక్క. లాటిన్ బైబిలులోని మాటనుబట్టి దానికి ‘కన్వలేరియా’ అని పేరు వచ్చింది. జానెడు ఎత్తు, వెడల్పాటి రెండు ఆకులు, తల వంచుకున్న చిన్న తెల్లని గంటలవంటి పూలు. అల్లంవలె నేలలో దుంపవేరు పాకించి, చెట్ల నీడలో పరచుకుంటుంది.

విశాఖపట్నంలో అది పూస్తుందా? పూయదు. పూమొగ్గ మేలుకోవాలంటే వారాల తరబడి గడ్డకట్టే చలి కావాలి. మనకు జనవరి రాత్రులలో కూడా ఒక దుప్పటి చాలును. లంబసింగిలో చలి గట్టిదే గాని, అక్కడా అది కొన్ని రాత్రుల మాటే. కాబట్టి బొమ్మ చూసి దుంపలకు డబ్బు పోయకండి. పైగా ఆ మొక్క అంతా గుండెను దెబ్బతీసే విషమే. పూలుంచిన నీళ్లు కూడా ప్రమాదకరం.

అయితే నీడపెరడు వట్టిదని అనుకోవద్దు. అమెజాన్ లిల్లీ అనే మొక్క ఉంది. తెల్లని, సువాసనగల పువ్వు. ఇదీ తల వంచే పూస్తుంది. శాస్త్రీయ నామం ‘యూకారిస్’. గ్రీకులో ‘ఖారిస్’ అనగా కృప!

పది అంగుళాల కుండీలో మూడు నాలుగు దుంపలు నాటండి. దుంప మెడ మట్టి పైకి కనబడాలి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, ఏటి ఇసుక సమంగా కలపండి. సముద్రపు ఇసుక వద్దు, అందులో ఉప్పుంటుంది. వెలుగు వచ్చి ఎండ తగలని చోట, ఉప్పుగాలి కొట్టకుండా గోడ చాటున ఉంచండి. పై మట్టి ఆరాకే నీరు పోయండి. కుండీ కింద పళ్లెంలో నీరు నిలిస్తే దోమలు పెరుగుతాయి.

ఆకులు బాగా ముదిరాక మూడు నాలుగు వారాలు నీరు తగ్గించండి, ఆకు వాడనివ్వకండి. తిరిగి నీరిస్తే పూకాడ లేస్తుంది. మాటిమాటికి కుండీ మార్చవద్దు, దుంపలు ఇరుకైతేనే బాగా పూస్తుంది. పోర్టు దగ్గర, గాజువాక వైపు ఉన్నవారు వారానికోసారి తడిగుడ్డతో ఆకులు తుడవండి. నీడలో వెలుగే తక్కువ, ధూళి పడితే అదీ అందదు. ఈ దుంప తిన్నా వాంతులౌతాయి. పసిపిల్లలకు, మేకలకు అందనివ్వకండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన పట్టణపు చెట్లను కూల్చినప్పుడు నీడ విలువ మనకు తెలిసింది. మీ పెరట్లో నీడ మిగిలి ఉంటే అది లోటు కాదు, స్వాస్థ్యము.

ప్రియులారా, 1805లో లండన్ మిషనరీ సొసైటీవారైన జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ ఈ విశాఖపట్నానికే వచ్చి తెలుగు నేర్చుకున్నారు. సువార్తల అనువాదం ఇక్కడ ఆరంభమైంది. 1812లో మూడు సువార్తలు సేరంపూరులో అచ్చయ్యాయి. తరువాతి అనువాదకులు లోయలోని పువ్వును పద్మమన్నారు. తెలుగువాడు చూడని పువ్వు పేరు తెచ్చిపెట్టలేదు, అతడు చెరువులో చూసిన పువ్వు పేరే ఇచ్చారు. మనమూ అలాగే చేద్దాం. లేని చలికై దిగులుపడక, ఉన్న నీడలో పూసేదాన్ని నాటుదాం. ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.