తాడు ఒకటే, లాగే దిక్కే వేరు

కలిసి పనిచేయడం నీతిగా చెబితే వచ్చే గుణం కాదు, ఒకరి పని మరొకరికి అక్కరకొచ్చేలా అమర్చినప్పుడు అలవడే నేర్పు. బాలల మనస్తత్వ పరిశోధనలూ, మన ఆటస్థలాలూ చెప్పేది ఇదే.

సహకారం అంటే పక్కవారికి సాయపడటం ఒక్కటే కాదు; కొందరు ఒకే ఫలితాన్ని కోరి, ఎవరి వంతు వారు చేస్తూ, ఆ వంతులన్నీ కలిస్తే తప్ప ఫలితం చేతికి రాదని ఎరిగి మెలగడం. ఇందులో సాయపడే గుణం పసితనంలోనే కనిపిస్తుంది. మనస్తత్వ పరిశోధకులు ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో 2006లో ప్రచురించిన అధ్యయనంలో, చేయిజారిన వస్తువును అందుకోలేక అవస్థపడుతున్న కొత్త మనిషికి 18 నెలల పిల్లలు అనేకమంది ఏ బహుమతీ లేకుండానే దాన్ని తీసి అందించారు. పనిని పంచుకుని చేయడం మాత్రం ఇంకా ఆలస్యంగా వస్తుంది. పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లో చేసిన వర్గీకరణ ప్రకారం పిల్లలు మొదట ఒంటరిగా ఆడతారు. తరువాత పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకునే సమాంతర క్రీడ, ఆ పైన ఆటవస్తువులను ఇచ్చిపుచ్చుకునే సాహచర్య క్రీడ, చివరికి పాత్రలు పంచుకుని ఒకే లక్ష్యంతో ఆడే సహకార క్రీడ వస్తాయి. గుజ్జనగూళ్లలో ఒకరు పొయ్యి పెట్టి, ఒకరు పుల్లలు తెచ్చి, మరొకరు వడ్డించడం ఈ చివరి దశకు చక్కని రూపం. కాబట్టి రెండేళ్ల బిడ్డ పక్క బిడ్డతో కలవకుండా తన బొమ్మతో తానే ఆడుకుంటుంటే, అది మొండితనం కాదు, ఎదుగుదలలో ఒక మెట్టు మాత్రమే.

తాడు నేర్పిన రెండు పాఠాలు

పిల్లలను గుంపుగా కూర్చోబెట్టినంత మాత్రాన సహకారం పుట్టదు. ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మన్ 1913లో ప్రచురించిన ప్రయోగాలలో, తాడు లాగే మనుషుల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరి సగటు బలం తగ్గుతూ వచ్చి, 8 మంది కలిసి లాగినప్పుడు అది ఒంటరిగా లాగినప్పటి బలంలో దాదాపు సగానికి పడిపోయింది. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం ఇందుకు ఒక కారణం. గుంపులో తన శ్రమ విడిగా కనిపించదన్న ధీమాతో మనిషి చేయి సడలించడం రెండో కారణం. ఈ రెండోదానికే తరువాతి పరిశోధకులు ‘సామాజిక అలసత్వం’ అని పేరు పెట్టారు. బడిలో ఐదుగురికి కలిపి ఇచ్చిన ప్రాజెక్టును ఒక్క విద్యార్థి, కొన్నిసార్లు ఆ విద్యార్థి తల్లి, రాత్రంతా కూర్చుని పూర్తిచేయడం ఈ అలసత్వానికి ఇంటింటా తెలిసిన ఉదాహరణ.

రెండో పాఠం అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, రాబర్స్ కేవ్ అనే ఉద్యానవనంలో 1954లో జరిగింది. టర్కీలో పుట్టిన మనస్తత్వవేత్త ముజఫర్ షెరీఫ్ బృందం సుమారు 11 ఏళ్ల బాలురు 22 మందిని రెండు జట్లుగా విడదీసి వేసవి శిబిరం నడిపింది. బహుమతుల కోసం పోటీలు పెట్టగానే రెండు జట్ల మధ్య తిట్లు, జెండాల దహనం, గుడిసెలపై దాడులు మొదలయ్యాయి. సఖ్యత కోసం వారిని ఒకే భోజనశాలలో కూర్చోబెడితే తినడం మాని ఆహారాన్ని ఒకరిపై ఒకరు విసురుకున్నారు. అయితే శిబిరానికి నీళ్లు ఆగిపోయినప్పుడు, ఆహారం తేవలసిన ట్రక్కు కదలకుండా మొరాయించినప్పుడు, ఒక్క జట్టు వల్ల కాని పని ముందుకొచ్చి పగ క్రమంగా చల్లారింది. ఆ ట్రక్కును బాలురంతా కలిసి లాగింది అంతకుముందు రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడి పోటీపడిన తాడుతోనే. పిల్లలకు తెలియకుండా వారిపై జరిపిన ఈ ప్రయోగాన్ని నైతికంగా తప్పుబట్టినవారున్నారు, ఆ విమర్శ సబబే. కానీ కలిసి కూర్చోవడం వేరు, ఒకరి అవసరం మరొకరికి పడటం వేరు అన్న తేడాను ఇంత స్పష్టంగా చూపిన సందర్భాలు అరుదు.

ఆరు ముక్కల పాఠం

ఈ తేడాను తరగతి గదిలోకి తెచ్చినవాడు మనస్తత్వవేత్త ఇలియట్ ఆరన్సన్. టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో శ్వేతజాతి, నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు తొలిసారి ఒకే తరగతుల్లో కలిసిన 1971 నాటికి బడులు కొట్లాటలతో అట్టుడుకుతున్నాయి. తరగతులను పరిశీలించిన ఆరన్సన్ బృందానికి రోజూ కనిపించిన దృశ్యం ఒక్కటే: ఉపాధ్యాయుడు ప్రశ్న వేయగానే కొన్ని చేతులు లేస్తాయి, ఒకరికి అవకాశం దక్కగానే మిగతావారు నిట్టూరుస్తారు, ఆ ఒకరు తప్పు చెబితే లోలోపల సంతోషిస్తారు. ఒకరి గెలుపు మరొకరి ఓటమిగా మారే ఇలాంటి అమరికనే మరో మనస్తత్వవేత్త మోర్టన్ డాయిష్ 1949లో ప్రతికూల పరస్పరాధారంగా వివరించాడు. ఒకరు గట్టెక్కితే తప్ప మరొకరు గట్టెక్కలేని అమరిక దీనికి విరుద్ధమైన అనుకూల పరస్పరాధారం.

ఆరన్సన్ బృందం చేసిన మార్పు చాలా చిన్నది. పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ జీవితకథను ఆరు పేరాలుగా రాసి, కత్తిరించి, ఆరుగురు పిల్లల జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. ఒకరి దగ్గర పూర్వీకుల వివరాలుంటే, మరొకరి దగ్గర బాల్యం, ఇంకొకరి దగ్గర పత్రిక స్థాపన. ఒకే ముక్క అందిన వేర్వేరు జట్ల పిల్లలు ముందుగా కలుసుకుని, దాన్ని చర్చించి, ఎలా చెప్పాలో సరిచూసుకుని, తమ జట్లకు తిరిగి వెళ్లి బోధించాలి. పరీక్ష మాత్రం ఎవరికి వారే మొత్తం కథపై రాయాలి. ఇంగ్లిష్ తడబడే పిల్లవాణ్ణి ఎగతాళి చేస్తే అతని దగ్గరున్న ముక్క తమకు దక్కదని గ్రహించిన తోటివారు, ఓపికగా వినడం, సరైన ప్రశ్న వేసి అతనిచేత చెప్పించడం క్రమంగా నేర్చుకున్నారు. వారాల్లోనే తోటివారిపై ఇష్టం, తమపై తమకు నమ్మకం పెరిగాయి. వెనుకబడిన వర్గాల పిల్లల మార్కులు మెరుగుపడగా, మిగతావారి చదువు దెబ్బతినలేదు. ‘జిగ్‌సా’ పద్ధతిగా పేరొందిన ఈ అమరికలో అలసత్వానికి చోటు తక్కువ, ఎందుకంటే ప్రతి ముక్కకూ ఒక్క పేరే ఉంటుంది.

మన మైదానంలో ఉన్నదే

తెలుగు పిల్లలకు ఈ సూత్రం కొత్తదేమీ కాదు. ఖోఖోలో తరిమేవారు మధ్యగీత దాటరాదు, పట్టిన దిక్కు మార్చరాదు; కాబట్టి ఎంత వేగంగా పరుగెత్తగలవారైనా సరైన క్షణంలో కూర్చున్న సహచరుడి వెనక ‘ఖో’ అని చెప్పి తన వంతు అతనికి అప్పగించక తప్పదు. తానే అంతా చేయాలనుకునేవారిని ఆట నియమమే ఓడిస్తుంది. మదనపల్లె సమీపంలోని ఋషి వ్యాలీ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన ఏకోపాధ్యాయ పాఠశాలలు, వేర్వేరు వయసుల పిల్లలను ఒకే గదిలో చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, తెలిసినవారు తెలియనివారికి చెప్పే ఏర్పాటును చదువులో అంతర్భాగం చేశాయి. ఇందులో మేలు ఇద్దరిదీ: వినేవారికి పాఠం అర్థమవుతుంది, చెప్పేవారికి అది గట్టిపడుతుంది.

అయితే ఆట మైదానాలు మూసుకుపోతూ, ర్యాంకుల పట్టికలు గోడలెక్కుతున్న బడుల్లో, పక్కవాడు వెనకబడితేనే తాను ముందుంటానన్న లెక్క పిల్లల మనసులో స్థిరపడుతోంది. అలాంటి బడిలో సహకారంపై ఎన్ని నీతిపాఠాలు చెప్పినా, పిల్లలు నేర్చుకునేది పాఠాన్ని కాదు, అమరికను. పోటీని పూర్తిగా తొలగించవలసిన అవసరం లేదు. ఖోఖోలోనూ ఎదుటి జట్టు ఉంటుంది. కావలసింది వారంలో కొన్ని పాఠాలైనా ఒకరి సాయం లేక మరొకరు దాటలేని విధంగా ఉండటం, ఇంట్లోనూ వంటింటి పనో పండుగ పనో అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు వంతులుగా పంచి, ఒకరి వంతు ఆగితే పని ఆగుతుందని వారికి తెలియనివ్వడం. ఇందుకు కొత్త భవనాలూ పరికరాలూ అక్కర్లేదు. రేపటి పాఠాన్ని ఆరు ముక్కలు చేయడానికి ఉపాధ్యాయుడికి ఒక కత్తెర చాలు.