అంకెల దీపానికి ఎర్రని తెర

వెలుగుతో సంఖ్యలను చూపే సాధనాలు ఈనాడు చేతి గడియారం మొదలుకొని బ్యాంకు కౌంటరు వరకు సర్వత్ర దర్శనమిస్తున్నాయి. అయితే అంకె స్వయంగా దీపమై వెలిగిన కాలం ఒకటి ఉండేది. 1955లో అమెరికాలోని బరోస్ కంపెనీ విపణిలో ప్రవేశపెట్టిన నిక్సీ గొట్టం ఆ కాలానికి ప్రతినిధి. వోల్టుమీటర్లు, గణక యంత్రాలు, ప్రయోగశాలల్లోని కౌంటర్లు, వీటి ముఖాలపై సుమారు రెండు దశాబ్దాల పాటు ఆ నారింజ రంగు అంకెలే ప్రకాశించాయి. 1970 దశకంలో ఎల్.ఇ.డి.లు వచ్చి వాటిని పక్కకు నెట్టివేశాయి. సోవియట్ దేశంలో మాత్రం వాటి తయారీ మరికొంత కాలం సాగింది. ఇటీవల ఆ పాత గొట్టాలతో గడియారాలు నిర్మించే అభిరుచి అనేక దేశాలలో వ్యాపించింది. దానితోపాటు గాజుకు రంగు పూయడం, ముందు రంగు పలకను అమర్చడం కూడ ప్రచారంలోకి వచ్చింది. ఆ రంగు ఏమి చేయగలదు, ఏమి చేయజాలదు అన్నదే మేము ఇక్కడ వివరించదలచిన విషయం.

ముందుగా గొట్టం నిర్మాణాన్ని చూద్దాం. గాజు బుడ్డిలో సున్న నుండి తొమ్మిది వరకు అంకెల ఆకారంలో మలచిన పలుచని లోహపు రేకులు ఒకదాని వెనుక ఒకటి నిలిచి ఉంటాయి. ఇవి ఋణధ్రువాలు. వీటి ముందు సన్నని జాలీ వంటి ధనధ్రువం ఉంటుంది. బుడ్డిలో అల్పపీడనంలో నియాన్ వాయువు నింపుతారు. సుమారు 170 వోల్టుల విద్యుత్తును ప్రయోగించగానే, ఎంచుకొన్న అంకె చుట్టూ వాయువు నారింజ రంగులో మెరుస్తుంది. సాధారణ బల్బులో వలె లోహం కాగి వెలగడం ఇక్కడ లేదు. లోహాన్ని అంటిపెట్టుకొని వాయువే వెలుగుతుంది.

నియాన్‌ను 1898లో లండనులో రామ్సే, ట్రావర్స్ అనే శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఈ రామ్సే మహాశయుడే తరువాత మన దేశానికి వచ్చి, జంషెడ్జీ టాటా తలపెట్టిన విజ్ఞాన సంస్థకు బెంగుళూరు తగిన చోటని సూచించినవాడు. నియాన్ కాంతిని పట్టకం గుండా చూస్తే ఇంద్రధనుస్సు వలె ఎడతెగని రంగుల పట్టీ కనబడదు. విడివిడిగా గీతలు కనబడతాయి. ప్రకాశవంతమైన గీతలు చాలవరకు 585 నానోమీటర్ల పసుపు నుండి 703 నానోమీటర్ల గాఢమైన ఎరుపు వరకు ఉన్నాయి. నీలం దాదాపు శూన్యం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొంటే తక్కినదంతా సులభంగా బోధపడుతుంది.

తొలినాటి గొట్టాలు సుమారు 5,000 గంటలలోనే క్షీణించేవి. అయనుల తాకిడికి ఋణధ్రువం నుండి లోహకణాలు రాలిపోయేవి. దీనికి విరుగుడుగా తయారీదారులు నియాన్‌లో అత్యల్ప పరిమాణంలో పాదరసపు ఆవిరిని కలిపారు. ఆయుర్దాయం ఎన్నో రెట్లు పెరిగింది. కాని పాదరసానికి తనదైన కాంతి ఉన్నది; దాని ప్రధాన గీతలలో ఒకటి 436 నానోమీటర్ల వద్ద, నీలిరంగులో ఉంటుంది. అందువల్ల నారింజ అంకె చుట్టూ లేత నీలి మసక కమ్ముకొన్నది. ఆ మసకను మరుగుపరచడం ఎర్రని పూత ఉద్దేశాలలో ఒకటి. ఎరుపు, నారింజ కిరణాలను దాటనిచ్చి నీలాన్ని శోషించుకొనే లక్కవంటి పూతను గాజుపై వేసేవారు. ఐరోపాలో ఒకే గొట్టాన్ని రెండు విధాలుగా అమ్మేవారు: ఎర్రని పూతతో జడ్.ఎం. 1040, పూత లేకుండ జడ్.ఎం. 1042.

రెండవ ఉద్దేశం ఇంతకంటె ముఖ్యమైనది. పగటిపూట ఆకాశంలో నక్షత్రాలు లేకపోలేదు. సూర్యకాంతిలో వాటి వెలుగు మన కంటికి ఆనదు. బలమైన వెలుగు సమక్షంలో బలహీనమైన వెలుగు దృష్టికి అందదన్న ఈ సత్యాన్ని వేయి సంవత్సరాలనాడే ఇబ్న్ అల్ హైసమ్ తన కితాబుల్ మనాజిర్‌లో చర్చించాడు. నిక్సీ గొట్టానికి వచ్చిన చిక్కు కూడ ఇదే. గదిలోని వెలుతురు లోపలికి దూరి, వెలగని తొమ్మిది అంకెల లోహంపై పడి తిరిగి మన కంటికి చేరుతుంది. వెలిగే అంకె ఆ తీగల చిక్కులో వెలవెలబోతుంది.

ఇక్కడ చిన్న లెక్క అవసరం. నూటికి 30 పాళ్ళు మాత్రమే దాటనిచ్చే నల్లని పలకను ముందుంచామని అనుకొందాం. గొట్టం కాంతి దానిని ఒక్కమారే దాటుతుంది కనుక 30 పాళ్ళు మిగులుతుంది. గది వెలుతురు మాత్రం లోపలికి పోతూ ఒకసారి, బయటికి వస్తూ ఒకసారి దాటాలి. 30లో మరల 30 పాళ్ళు, అనగా 9 మాత్రమే మిగులుతుంది. అంకెకు, నేపథ్యానికి మధ్య తేడా మూడింతలకు పైగా పెరిగింది, కాని అంకె చాల మందగించింది. ఇప్పుడు ఎర్రని పలకను తీసుకొందాం. అది తెల్లని వెలుతురులో 30 పాళ్ళను, నియాన్ కాంతిలో 80 పాళ్ళను దాటనిస్తుందనుకొందాం. లోపలికి చేరిన 30 పాళ్ళ వెలుతురు అప్పటికే ఎర్రబడినది గనుక తిరుగు ప్రయాణంలో అంతగా నష్టపోదు. సుమారు 24 మిగులుతుంది. తేడా మునుపటివలెనే మూడింతలకు పైగా ఉన్నది. అంకె మాత్రం 30కి బదులు 80తో వెలుగుతున్నది! ఎర్రని పూతలోని కిటుకంతా ఈ లెక్కలోనే ఉన్నది.

ఇక నీలిరంగు అంకెలు కోరేవారి మాట. జల్లెడ పిండిలోని పొట్టును తీయగలదు గాని, గోధుమపిండిని బియ్యప్పిండిగా మార్చలేదు. నియాన్‌లో లేని నీలాన్ని నీలిగాజు తెచ్చిపెట్టజాలదు. ఉన్న నారింజను కూడ మింగివేసి చీకటిని మిగుల్చుతుంది. జపాన్‌లో 1960 దశకం చివర రూపొందిన శూన్య ప్రతిదీప్తి గొట్టాల విషయం వేరు. వాటిలోని పొడి వెదజల్లే నీలి-ఆకుపచ్చ కాంతి వర్ణపటంలో విశాలంగా పరచుకొని ఉంటుంది. అందుచేత ముందుంచిన పలకనుబట్టి నీలంగానో, ఆకుపచ్చగానో, పసుపుగానో ఏరుకొనవచ్చు. ఆకుపచ్చగా వెలిగే చిన్న నియాన్ బల్బులు లేవా అని విద్యార్థులు అడుగవచ్చు. వాటి గాజు లోపలి వైపున ట్యూబులైటులో వలె ప్రతిదీప్తి పొడి పూసి ఉంటుంది. అతినీలలోహిత కిరణాలను అది ఆకుపచ్చ కాంతిగా మారుస్తుంది. ఈ పని గాజు వెలుపల పూసిన రంగుతో జరగదు. పొడిని మేల్కొలిపే ఆ కిరణాలను సాధారణ గాజు బయటికి రానీయదు. కొందరు గొట్టం అడుగున నీలి ఎల్.ఇ.డి. పెట్టి గాజును వెలిగిస్తున్నారు. ఎర్రని పూత తొలగించిన మసకను వారు చేజేతులా తిరిగి తెచ్చుకొంటున్నారని మా అభిప్రాయం.

పూత వేయాలా, విడిగా పలక అమర్చాలా అన్న ప్రశ్నకు మేము నిస్సందేహంగా పలక పక్షమే వహిస్తాము. చెక్ దేశంలో ఒక చిన్న కర్మాగారం ఈ గొట్టాలను కొత్తగా చేతితో తయారుచేస్తున్నమాట నిజమే. కాని పాత గొట్టాల నిల్వలు తరిగిపోవడమే గాని పెరగడం లేదు. గాజుపై వేసిన రంగు సమంగా అంటక చారలు కడుతుంది. కాలక్రమాన పొరలుగా లేస్తుంది. పాత పూతను ద్రావకంతో కడిగివేయడం అంతకంటె విచారకరం. గాజుపై ముద్రించిన పేరు, సంఖ్య కూడ దానితోపాటే కొట్టుకొనిపోతాయి, కడిగిన పిమ్మట దాగి ఉన్న నీలి మసక బయటపడుతుంది. పెట్టె ముందు భాగంలో ఎర్రని లేక తేనెరంగు ఆక్రిలిక్ పలకను బిగిస్తే ఈ బాధలేవీ లేవు. నచ్చకపోతే ఊడదీయవచ్చు. అంతేగాక 170 వోల్టుల తీగలకు, చూడవచ్చిన పిల్లల వేళ్ళకు మధ్య అది అడ్డుగా కూడ నిలుస్తుంది. గొట్టం పగిలితే లోపలి పాదరసం అత్యల్పమే అయినా, కిటికీలు తెరచి, ముక్కలను చేతితో తాకకుండ ఎత్తివేయాలి.

ఈ ప్రయోగానికి నిక్సీ గొట్టమే దొరకనక్కరలేదు. పాత స్విచ్‌బోర్డులపై నారింజ చుక్కవలె వెలిగే ఇండికేటరు కూడ నియాన్ దీపమే. బోర్డును విప్పకుండ, రంగులేని మూత గల ఇండికేటరు ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం సెల్లోఫేన్ కాగితాలను ఒక్కొక్కటిగా పట్టి, మొదట గదిలో లైటు వేసి, తరువాత ఆర్పి చూడండి. ఏ కాగితం వెనుక చుక్క నిలిచింది, ఏ కాగితం వెనుక మందగించింది అన్నది రికార్డు పుస్తకంలో రాసుకొని, పై గీతల పట్టికతో సరిపోల్చండి.